అటక మీది దూరదర్శిని

మన ఇళ్లలో పాతబడిన వస్తువు పనికివచ్చేదైతే బాగుచేయిస్తాం, పనికిరానిదైతే పాత సామాన్లవాడి తక్కెడలో వేస్తాం, ఎటూ తేల్చుకోలేకపోతే అటకెక్కిస్తాం. దూరదర్శినికి సాధారణంగా పట్టేది ఈ అటక యోగమే. అమెరికా నుంచి బావగారు మోసుకొచ్చినదో, పరీక్షలో ఫస్టు వచ్చినందుకు అబ్బాయికి నాన్నగారు కొనిపెట్టినదో, నాలుగు రాత్రులు చంద్రుణ్ణి కళ్లకు కట్టినట్టు చూపించి, అయిదో రాత్రి మసకమసకగా చూపించి, ఆ మీదట గోనెసంచి కప్పుకొని పైన పడి ఉంటుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి ఊళ్లలో దానికి ఇంకొక పీడ కూడా ఉన్నది. ఒక వంక కాలువల తేమ, మరొక వంక సముద్రపు ఉప్పు గాలి. రెండు వానాకాలాలు గడిచేసరికి మరలు తుప్పు పట్టి, గ్రీజు జిగురై, అద్దం మీద సన్నని బూజు తీగలు సాగుతాయి.

అంతమాత్రాన అది చచ్చినట్టు కాదు. గాజు కుళ్లదు, గొట్టం విరిగితే అతికించుకోవచ్చును. అసలు ప్రమాదం ఎప్పుడంటే, పండుగ సెలవులకు ఇల్లు దులుపుతున్నప్పుడు దాన్ని కిందికి దింపి, ఎవరో ఒకరు ఉత్సాహంగా పాత పంచెగుడ్డ తీసుకొని అద్దాన్ని మిలమిల మెరిసేటట్టు తుడవబోయినప్పుడు. చాలా దూరదర్శినుల ఆయుష్షు తుడుపు గుడ్డ చేతిలోనే తీరిపోతుంది.

ఎందుకో చెబుతాను. దూరదర్శినుల్లో పెద్ద జాతులు రెండు. ముందు భాగాన కటకం ఉండి, వెనుక నుంచి చూసేది ఒకటి. గొట్టం అడుగున గుంట అద్దం ఉండి, పై అంచున పక్కనుంచి చూసేది రెండవది. ఈ రెండవ తరహాను 1668లో మొట్టమొదట చేసి చూపించినవాడు న్యూటను. మన గోడ అద్దానికి పూత గాజు వెనుక ఉంటుంది, కనుక ఎంత తుడిచినా దానికేమీ కాదు. దూరదర్శిని అద్దానికి పూత గాజు ముందే ఉంటుంది, వెలుతురు గాజులో దూరి బయటికి రాకుండా తిన్నగా తిరిగిపోవాలని. ఆ అల్యూమినియం పూత మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. దాని మీద ఇసుక రేణువు ఒకటి కూర్చుని ఉన్నదనుకోండి. మనం గుడ్డతో రుద్దటమంటే ఆ రేణువుతో గీయటమే. చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. చంద్రుణ్ణి చూసినప్పుడు మాత్రం చుట్టూ పొగమంచు కమ్మినట్టుంటుంది.

పనిలోకి దిగేముందు ఒక్క సంగతి జ్ఞాపకం చేస్తాను. విప్పిన దూరదర్శినిని మళ్లీ బిగించుకోవడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు.

గుంటూరు మీద పడిన నీడ

1868 ఆగస్టు 18వ తేదీ ఉదయం గుంటూరు మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ సాగిపోయింది. తెనాలి, రేపల్లె, బాపట్ల కూడా ఆ నీడ దారిలోవే. ఆనాడు ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు, ఇంగ్లీషు వారి తరఫున మేజర్ టెన్నెంటు, ఇద్దరూ గుంటూరులోనే మకాం వేశారు. మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్ బందరులో విడిది చేశాడు. టెన్నెంటు తెచ్చుకున్నది తొమ్మిది అంగుళాల గుంట అద్దం గల దూరదర్శిని. అద్దానికి వెండి పూత. వీరి పరికరాలన్నీ పెట్టెల్లో, ముక్కలు ముక్కలుగా, ఓడల మీద వచ్చి, మన ఎండలకూ వానాకాలపు ఉక్కకూ ఓర్చి, ఇక్కడే మళ్లీ బిగింపబడినవి. నీడ గుంటూరు మీద నిలిచినది అయిదు నిమిషాలకు పైగా, అంతే. ఆ కాస్త వ్యవధిలో ఒక మర వదులైతే ఖండాలు దాటి వచ్చిన ప్రయాణమంతా వృథా.

జాన్సెన్ పరికరం మొరాయించలేదు. సూర్యబింబం అంచున లేచిన మంటల వెలుతురును ఆయన వర్ణచ్ఛాయలుగా విడదీసి చూశాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చును గదా అని ఆయనకు తోచింది. మరునాడు, 19వ తేదీన, మామూలు ఎండలోనే చూశాడు కూడా! అంతకు ముందు ఎవరికీ సాధ్యపడని పని అది. ఇంగ్లండులో లాకియరు అనే ఆయన కూడా అదే ఉపాయాన్ని తనంతట తాను కనిపెట్టి అక్టోబరులో చూశాడు. ఇద్దరి వార్తలూ పారిస్ శాస్త్ర పరిషత్తుకు ఒకే రోజున చేరడంతో, ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద వేయించారు. సూర్యుని మంటల్లో కనిపించిన పసుపు గీత భూమి మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తరువాత తేలింది. దానికే హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద ఆ వాయువు దొరికినది 1895లో. తిరునాళ్లలో పిల్లలు దారం కట్టి ఎగరేసే బెలూనులోని వాయువు కథలో మన గుంటూరుకు ఇంత చోటున్నది.

ఇంటి ఆవరణలోనే వేధశాల కట్టుకున్న తెలుగువారూ ఉన్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతాన సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఆయన తరువాత దాన్ని అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు నడిపి, 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచిపోవడాన్ని అక్కడి నుంచే పరిశీలించారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగు 1901లో పదిహేను అంగుళాల కటకం గల పెద్ద దూరదర్శినిని కొన్నారు. అయితే అది సక్రమంగా నిలబడి ఆకాశాన్ని చూసేసరికి నవాబుగారు లేరు. ఆయన 1907లో పోగా, వేధశాల నిజాం ప్రభుత్వానికి చేరి, 1918లో భాస్కరన్‌గారు డైరెక్టరైన తరువాతగాని దాని బిగింపు పూర్తి కాలేదు. కనుక పాఠకుల ఇంటి దూరదర్శిని అయిదారేళ్లుగా అటక మీద ఉన్నదంటే సిగ్గుపడనక్కరలేదు. అంతకంటే గొప్పవి అంతకంటే ఎక్కువకాలం ఎదురుచూశాయి.

విప్పేటప్పుడు

ముందుగా కావలసినది సరైన స్క్రూడ్రైవరు కాదు. ఖాళీగా ఉన్న పెద్ద బల్ల, దాని మీద తెల్లని దుప్పటి, ఒక మధ్యాహ్నమంతా ఎవరూ కదిలించరన్న భరోసా. ఆ తరువాత ఇడ్లీ రేకు ఒకటి వంటింట్లోనుంచి అడిగి తెచ్చుకోండి. విప్పిన వరుసలో మరలను ఒక్కొక్క గుంటలో వేసుకుంటూ పోతే, బిగించేటప్పుడు అదే వరుసలో వెనక్కి రావచ్చును. ఒక మర తీసి జేబులో వేసుకునే అలవాటున్నవారు ఈ పనికి తగరు. ప్రతి భాగాన్నీ తీయకముందు పెన్సిలుతో రెండు వైపులా కలిసేటట్టు ఒక గీత గీయండి. చేతిలో ఫోను ఉన్నవారు ఫోటో తీసుకోండి. రెండూ చేసినా తప్పు లేదు.

గుంట అద్దపు దూరదర్శిని అయితే గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టి, అడుగు చట్రాన్ని అద్దంతో సహా వెలుపలికి తీయాలి. గొట్టం నిలువుగా ఉండగా పై చివర ఉన్న చిన్న అద్దం జోలికి ఎన్నడూ పోవద్దు. చెయ్యి జారిన స్పానరు వెళ్లి పడేది తిన్నగా పెద్ద అద్దం మీదనే.

కటకపు దూరదర్శిని అయితే మరింత నిదానం. ముందు కటకం చూడటానికి ఒకటే అయినా లోపల రెండు గాజులు జంటగా ఉంటాయి. రెండు రకాల గాజులను కలిపితేగాని ఎరుపు, నీలం అంచులు పోవు. వాటి నడుమ అంచున మూడు చోట్ల చిన్న రేకు ముక్కలుంటే అవి చెత్త కాదు సుమా! తయారు చేసినవారు కావాలని ఉంచిన ఎడం అది. వీలైనంతవరకు ఆ జంటను విడదీయకండి. నడుమ బూజు పట్టి విడదీయక తప్పకపోతే, రెండు గాజుల అంచు మీద కలిసేటట్టు ‘వి’ ఆకారంలో పెన్సిలు గుర్తు పెట్టి, ఏది ఆకాశం వైపు ఉన్నదో రాసుకొని అప్పుడు తీయండి. ఒక గాజు తిరగబడితే చాలు, శనిగ్రహం కాస్తా బియ్యపు రవ్వ ఉండలా కనిపిస్తుంది.

ఎడం గొప్పతనం తెలియాలంటే ఒక ఉదాహరణ చెప్పవచ్చును. 1990లో అమెరికావారు ఆకాశంలోకి పంపిన హబుల్ దూరదర్శినిలో అద్దం అడ్డుకొలత 2.4 మీటర్లు. బొమ్మలు మసకగా వచ్చాయి. విచారిస్తే, అద్దాన్ని పరీక్షించే ఉపకరణంలో ఒక కటకం ఉండవలసిన చోటుకు 1.3 మిల్లీమీటర్లు ఎడంగా బిగింపబడినదని తేలింది. దాన్ని నమ్మి అరగదీసినందువల్ల అద్దం అంచు వెంట్రుక మందంలో ఏభయ్యవ వంతు మేర ఎక్కువ అరిగింది. దానికి దిద్దుబాటు అద్దాలు అమర్చడానికి 1993 డిసెంబరులో మనుషులే అంతరిక్షానికి వెళ్లవలసి వచ్చింది. మన పని వంటింటి బల్ల మీద తీరిపోతుంది, అంతే తేడా.

స్నానం

అద్దాన్ని కడగాలా వద్దా అన్నది మొదటి ప్రశ్న. పలచని దుమ్ము ఉంటే వద్దు. అది బొమ్మను చెడగొట్టదు. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి వదిలేయండి. నోటితో ఊదకండి, తుంపరలు పడతాయి. ఉప్పు పొర, బూజు, బల్లి చేసిన అఘాయిత్యం వంటివి కనిపిస్తే మాత్రం కడగాలి.

చేతి ఉంగరాలు, గాజులు తీసి పెట్టండి. ప్లాస్టిక్ తొట్టిలో అడుగున మెత్తని తువ్వాలు పరచి, అద్దాన్ని ముఖం పైకి పెట్టి, ముందు ఊరికే నీటి ధార కింద ఉంచాలి. దుమ్ములో చాలాభాగం అప్పుడే కొట్టుకుపోతుంది. తరువాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవపు సబ్బు ఒకటి రెండు చుక్కలు వేసి, అద్దం మునిగేటట్టు పావుగంట నానబెట్టండి. ఈ పావుగంట ఓర్పే అసలు పని చేస్తుంది. ఆ మీదట శుభ్రమైన దూది పింజ ఒకటి తడిపి, నీటిలోనే, దాని బరువుతో అదే కదిలేటట్టు ఒకే దిక్కుగా ఈడ్చాలి. వేలితో నొక్కకూడదు. ఒకసారి ఈడ్చిన దూదిని పారవేసి ఇంకొకటి తీసుకోవాలి. దూది ఖర్చుకు వెనుకాడే ఇంట్లో అద్దం దక్కదు.

చివరి కడుగు విషయంలో మన ఊళ్ల సంగతి వేరు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు తరచు ఉప్పగా ఉంటాయి. అవి ఆరితే అద్దం మీద తెల్లని చుక్కలు మిగులుతాయి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరు సీసా ఒకటి తెచ్చి దానితో ఆఖరి ధార పోయండి. అద్దాన్ని గోడకు ఏటవాలుగా ఆనించి తనంతట తాను ఆరనివ్వండి. మిగిలిపోయిన ఒకటి రెండు బొట్లను మెత్తని కాగితం కొసతో తాకితే అదే పీల్చుకుంటుంది. ఫ్యాను వేయకండి, దుమ్ము మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఆరిన అద్దాన్ని వెనుక వైపునుంచి దీపానికి అడ్డుపెట్టి చూడండి. అక్కడక్కడ సూది మొన చుక్కలు కనిపించినా పరవాలేదు. జల్లెడలాగా కనిపిస్తే పూత పోయినట్టే. కొత్త పూత గాలి తీసేసిన పేటికలో వేయవలసినదేగాని ఇంట్లో అయ్యే పని కాదు. పట్నంలోని ఖగోళ సంఘాల వారిని అడగండి. 1930ల దాకా అద్దాలన్నిటికీ వెండి పూతే గతి. వెండి నల్లబడేది, యజమానులు మాటిమాటికీ పూత వేయించుకునేవారు. ఆ లెక్కన మనకు అల్యూమినియం ఎంత మేలు చేసిందో!

కటకాల మీది బూజుకు శుభ్రమైన స్పిరిటులో ముంచి పిండిన దూది చాలు. అయితే బూజు చాలాకాలం ఉంటే దాని ఆమ్లం గాజు పూతను తినేస్తుంది. ఆ మచ్చ పోదు. ఉండనివ్వండి, దాని గుండా కూడా చంద్రుడు కనిపిస్తాడు.

కంటి గొట్టాన్ని ముందుకూ వెనక్కూ నడిపే పళ్ల చక్రంలోని పాత గ్రీజును కిరసనాయిలుతో తీసేసి, కొత్తది గోటి కొసంత పూయండి. ఎక్కువ పూస్తే అది జారి గాజు మీదికి వస్తుంది. పోయిన మరలకు గడియారాలు బాగుచేసేవారిని అడగవచ్చును. పాత ఇనుప ముక్కలు కూర్చి నిలువెత్తు విగ్రహాలు నిలబెట్టే తెనాలిలో ఒక చట్రానికి చెవి అతికేవాడు దొరకడా?

మళ్లీ బిగింపు

ఇక్కడ బలం చూపించేవాళ్లే చెడిపోయేది. పెద్ద అద్దాన్ని పట్టి ఉంచే మూడు కొక్కేలూ అద్దాన్ని నొక్కకూడదు. కొక్కేనికీ గాజుకూ నడుమ పలచని కాగితం దూరేటంత సందు ఉండాలి. బిగించి పట్టుకుంటే గాజు కంటికి తెలియనంత వంగుతుంది, గుండ్రని నక్షత్రం మూడు మూలలుగా కనిపిస్తుంది. ఎంత వంగితే చెడుతుందని అడిగితే, వెలుతురు అల పొడవులో నాలుగోవంతు కూడా ఎక్కువే. అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతుకు కాస్త పైన.

తరువాత అద్దాల పొందిక. దీన్ని ఒంటరిగా చేయబోయి విసిగినవారే ఎక్కువ. ఇద్దరుంటే సులువు. ఒకరు కన్ను పెడతారు, ఒకరు మర తిప్పుతారు. ఇంట్లో భార్యాభర్తలు కలిసి చేస్తే మర ఎటు తిప్పాలన్న దగ్గర మాట పెరగవచ్చును గనుక, తిప్పే బాధ్యత పిల్లలకు అప్పగించడం శ్రేయస్కరం. పెద్ద అద్దం సరిగ్గా నడిబొడ్డున సిరాతో చిన్న చుక్క పెట్టండి. ఆ భాగం ఎలాగూ చిన్న అద్దం నీడలోనే ఉంటుంది కనుక నష్టం లేదు. కంటి కటకం తీసేసి, ఆ గొట్టానికి నడుమ చిన్న రంధ్రం చేసిన ప్లాస్టిక్ మూత తొడిగి, రంధ్రంలోనుంచి చూడండి. చిన్న అద్దం గుండ్రంగా, గొట్టానికి నడుమగా కనిపించాలి. దాని మరలు ఇంచుక ఇంచుక తిప్పుతూ, పెద్ద అద్దపు మూడు కొక్కేలూ సమంగా కనబడేదాకా తేవాలి. అప్పుడు అడుగున ఉన్న మరలు తిప్పి, సిరా చుక్క మీ రంధ్రపు నీడతో ఏకమయ్యేటట్టు చేయాలి. చెప్పడానికి ఇంత పట్టినది, అలవాటైతే అయిదు నిమిషాల పని.

రాత్రికి అసలు పరీక్ష. దూరదర్శినిని అరగంట ముందే డాబా మీద పెట్టండి. ఇంటి వేడి అద్దంలో ఉన్నంతసేపూ బొమ్మ నీటిలో నీడలాగా ఆడుతుంది. ఒక ప్రకాశమైన నక్షత్రాన్ని చూస్తూ, స్పష్టత కొంచెం చెడగొడితే చుట్టూ వలయాలు వస్తాయి. వలయాలు ఒకే కేంద్రం చుట్టూ ఉంటే మీ పని పండినట్టే. ఒక వైపు ఒరిగితే మళ్లీ అడుగు మర. పడమటి దేశాల పుస్తకాలు దీనికి ధ్రువ నక్షత్రాన్ని చూడమంటాయి. మనకది పనికిరాదు. మన మూడు ఊళ్లూ పదహారు డిగ్రీల అక్షాంశానికి కాస్త అటూ ఇటూ ఉన్నవి, కనుక ధ్రువుడు మనకు క్షితిజం నుంచి పదహారు డిగ్రీల ఎత్తునే, కొబ్బరిచెట్ల మట్టల్లో ఉంటాడు. నడినెత్తికి దగ్గరగా ఉన్న చుక్కను ఎంచుకోండి. ధ్రువుని వైపు ఇరుసు నిలిపే స్టాండు గలవారికి కూడా ఇదే చిక్కు. దాని మీద నలభయ్యో యాభయ్యో ఉన్న గుర్తును పదహారుకు దించాలి. దించేటప్పుడు బరువు గుండు స్టాండు కాలికి తగులుతుందేమో ముందే చూసుకోండి.

ఇక్కడొక మాట కఠినంగా చెప్పాలి. పాత దూరదర్శినుల పెట్టెల్లో సూర్యుణ్ణి చూడటానికని నల్లని చిన్న గాజుబిళ్ల ఒకటి, కంటి కటకానికి తొడిగేది, వస్తూండేది. అది కనిపిస్తే ఈ రోజే సుత్తితో పగలగొట్టి పారవేయండి. అద్దమంతా పోగుచేసిన ఎండ వేడి ఆ బిళ్ల మీద పడి అది చిట్లిపోతే, ఆ క్షణంలో అక్కడ ఉన్నది పిల్లవాడి కన్ను. కంటి వెనుక తెరకు నొప్పి తెలిసే నరాలు లేవు. కాలిపోతున్నదని కూడా తెలియదు. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగమంతా కప్పే, ఆ పనికే చేసిన తెర ఉండాలి. లేకపోతే పగలు దూరదర్శినికి మూత వేసి ఉంచాలి, పక్కన ఉండే చిన్న ఫైండరుకు కూడా.

రాత్రులకు కొరతేమున్నది? శని ఉంగరం 2025 మార్చిలో సరిగ్గా మనవైపు అంచు తిప్పి దాదాపు కనబడకుండా పోయింది. 2030 తరువాతి సంవత్సరాల దాకా ఏటికేడు విచ్చుకుంటూ వస్తుంది. నాలుగు డజన్ల రెట్లు పెద్దది చేసి చూపే కంటి కటకంతోనే దాన్ని పోల్చుకోవచ్చును. దక్షిణాకాశమైతే మన సొత్తే. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన మెరిసే అగస్త్యుణ్ణి లండనువారు తమ ఊళ్లో ఏనాడూ చూడలేరు. ఏప్రిల్ చివర, మే నెలల్లో భోజనాలయిన తరువాత రేపల్లె ఊరి వెలుపల చేలగట్టు మీదనో, బాపట్ల దాటి సూర్యలంక తీరాననో నిలబడితే, త్రిశంకుని నాలుగు చుక్కలూ నీళ్లకు పైన నిలువుగా నిలుస్తాయి. వాటికి ఎగువన, కొంచెం ఎడమగా, కంటికి మసక చుక్కలా ఉన్నదాని మీదికి గొట్టం తిప్పండి. అది ఒక్క చుక్క కాదు, లక్షల నక్షత్రాల గుత్తి. వెండి పళ్లెంలో పంచదార ఒలికినట్టుంటుంది. పిల్లలు ఒకరి తరువాత ఒకరు వచ్చి చూసి, ఇంకొకసారి అని వెనక్కి వరుసలో నిలబడతారు.

సముద్రం దగ్గర మంచు త్వరగా పడుతుంది. గొట్టం మూతికి నల్ల అట్టతో ఒక జానెడు పొడుగు చుట్ట చుట్టండి. అయినా తడిస్తే తుడవద్దు, తడి మీద మూత వేయవద్దు. ఇంటికి తెచ్చి, గదిలో మూత తీసి ఆరబెట్టి అప్పుడు కప్పండి. ఈసారి అటకకు పంపకుండా గాలి ఆడే గదిలో, బట్ట సంచిలో సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి ఉంచండి. బీరువాలో చీరల మధ్య వేసినట్టు కలరా ఉండలు మాత్రం వేయకండి. వాటి ఆవిరి గాజు మీద పేరుకుంటుంది, మళ్లీ తొట్టి, తువ్వాలు, దూది.